వాగు దాటే బండి

మార్చి 4

మామయ్య గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీరూ అత్తయ్య గారూ బాగున్నారని తలుస్తాను. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడిన సగాన్ని మీరు ఒప్పుకోరు. పైగా ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. అందుకే ఉత్తరం.

విషయం సూటిగా చెబుతాను. మీ అమ్మాయి పనిచేసే పశువుల ఆస్పత్రికి ఉన్న ఒక్క జీపునూ పైఆఫీసువాళ్ళు పట్టుకుపోయారు. ఇప్పుడది ఎవరో పెద్దాయన ఇంటి ముందు నీడపట్టున ఉందని వినికిడి. డాక్టర్లు సొంత బండి చూసుకుంటే డీజిలు పోయిస్తామని కాగితం వచ్చింది. గొర్రెల మందలన్నీ వాగుకి అవతల, కొండ వెనక ఉంటాయి. అక్కడికి రోడ్డు లేదు. ఉన్నదాన్ని రోడ్డు అంటే రోడ్లని అవమానించినట్టు. ముందు ఇసక, తర్వాత బండరాళ్ళు, ఆ తర్వాత మనిషి నడిచినా జారిపోయే ఎర్రమట్టి ఏటవాలు. వానలు పడేలోగా మందలన్నిటికీ టీకాలు వెయ్యాలి. కిందటేడు వెళ్ళలేకపోయిన చోట మంద సగానికి సగం పోయింది. ఆ మనుషుల మొహాలు చూసొచ్చి మీ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు.

అందుకని ఒక పాత పికప్పు కొనాలనుకుంటున్నాం. మీరు బస్సు డిపో షెడ్డులో హెడ్ మేస్త్రిగా చేసి రిటైరయినవారు. పాత బండి కొనేటప్పుడు ఏం చూడాలో మీకు తెలిసి ఉండాలి. మా పెళ్ళిలో అందరి ముందూ, "టైరు మార్చడం రానివాడు కూడా ఒక మగాడేనా" అని మీరన్న మాట నాకు గుర్తుంది. మీ అమ్మాయికి ఇంకా బాగా గుర్తుంది. అప్పట్నుంచీ మీతో మాట్లాడని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు మాట్లాడుతుంది? మీకు రాస్తున్నానని చెబితే, "రాస్తే రాసుకో. జవాబు మాత్రం నాకు చదివి వినిపించకు" అంది.

టైరు మార్చడం నేర్చుకున్నానని ఈ సందర్భంగా మనవి.

ఇట్లు,
మీ అల్లుడు


మార్చి 13

అల్లుడు గారికి,

మీ ఉత్తరం అందింది. ఇంత గుండ్రటి దస్తూరీ నేనెక్కడా చూడలేదు. దస్తూరీతో బండి నడిచేట్టయితే మీకు నా సలహా అక్కర్లేదు. రోజంతా కుర్చీలో కూర్చుని ఎవరో రాసిన పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దుకునేవారికి టైరు మార్చడం వచ్చిందంటే మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. ఇలాగే పట్టుదలగా ఉంటే పెద్దయ్యాక బానెట్టు ఎత్తడం కూడా వస్తుంది.

పాత బండి అమ్మేవాడు ఎక్కడైనా ఒకటే రకం. ముందు నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మీలాంటివారు మనిషి మంచివాడనుకుంటారు. చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్టు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందనుకోండి, చల్లటి ఇంజన్ స్టార్టవదు గనక వాడు ముందే స్టార్టు చేసి ఉంచాడన్నమాట. అట్నుంచి అటే వచ్చెయ్యండి. వాడిచ్చే టీ తాగకండి. టీ తాగినవాడు ఇంక గట్టిగా మాట్లాడలేడు. చల్లగా ఉంటే స్టార్టు చేయించి పొగ చూడండి. నీలంగా వస్తే ఇంజిను నూనె తాగుతోంది. తెల్లగా వచ్చి ఆగకపోతే యింజను నీళ్ళు తాగుతోంది. రెండూ తాగేవాటిని కూడా అమ్ముతారు, కొంటారు. కొనేవాళ్ళు ఎక్కువగా చదువుకున్నవాళ్ళే.

తర్వాత బండి కిందికి దూరండి. అవును, మీరే. చొక్కా మాస్తుంది, మాయనివ్వండి. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. దానిమీద ఎక్కడైనా అతుకు గానీ, కొత్తగా కొట్టిన నల్ల రంగు గానీ ఉంటే అక్కడ ఏదో దాచారు. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. లోపలి కొసన బురద చార ఉంటే ఆ బండి ఎక్కడో మునిగి తేలింది. నాలుగు చక్రాలూ లాగే బండి అయ్యుండాలి, దానికి గుట్టలెక్కే లో గేరు లివరు ఉండాలి. లివరు అందరూ చూపిస్తారు. వేసి చూపించమనండి, అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా మీవల్ల కాదని నాకు తెలుసు. నా పాత స్నేహితుడు ఒకడున్నాడు, డిపోలో అందరూ వాణ్ణి గేరుబాక్సు అనేవాళ్ళు. వాడి దగ్గర ఒక డీజిలు పికప్పు ఉంది. ఏనుగులాంటి బండి. మీరు ఊఁ అంటే కొని, సరిచేసి పంపిస్తాను. డబ్బు గురించి మీరు కంగారు పడక్కర్లేదు.

అమ్మాయికి దగ్గు తగ్గిందా అని మీ అత్తయ్య అడగమంది.

మీ మామయ్య


మార్చి 25

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చాలా ఉపయోగపడింది. వృత్తిరీత్యా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఇంజన్, ఇంజిను, యింజను అని ఒకే పేరాలో ఒకే వస్తువుని మూడు రకాలుగా రాశారు. మొదట మూడు వేర్వేరు భాగాలనుకుని కంగారు పడ్డాను.

బండి కొన్నాను. పొద్దున్నే వెళ్ళాను, చెప్పకుండానే వెళ్ళాను. బానెట్టు చల్లగా ఉంది. పొగ నీలంగా లేదు, తెల్లగా లేదు. బెల్టు లాగాను, శుభ్రంగా ఉంది. లివరు వేసి చూపించమన్నాను, చూపించాడు. టీ తాగలేదు. కాఫీ ఇచ్చాడు. కిందికి కూడా దూరాను. వెనకవైపు ఛాసిస్ మీద ఒక అతుకు ఉన్నమాట నిజమే. అడిగితే, "బలం కోసం వేయించాం సార్, కంపెనీ ఇచ్చినదానికంటే గట్టిది" అన్నాడు. నాకు సమంజసంగానే తోచింది.

అమ్మినతను కొండలెక్కే కుర్రాళ్ళ క్లబ్బుకి నాయకుడు. అందరూ కెప్టెన్ అంటారు. ఆదివారాలు బురదలో బండి దింపి, మళ్ళీ పైకి తీసి, ఫొటోలు దిగడం వాళ్ళ పని. కాబట్టి కొండలకి కావలసినవన్నీ ముందే బిగించి ఉన్నాయి. ఎత్తు పెంచారు. పెద్ద టైర్లు వేశారు. నెత్తిమీద లైట్లు. నీళ్ళలో దిగినా ఊపిరాడేలా గాలి గొట్టం. ముందు వించి, అంటే ఇనప తాడు చుట్టుకునే యంత్రం, దేన్నయినా లాగుతుందట. ఫొటోలు జతచేస్తున్నాను.

గేరుబాక్సు గారి ఏనుగు విషయం. మేం ఇంకా దానం పట్టే స్థితికి రాలేదు. నా జీతంతోటీ మీ అమ్మాయి జీతంతోటీ కొనుక్కోగలిగాం. ఆ ప్రస్తావన మళ్ళీ తీసుకురావద్దని మనవి.

దగ్గు తగ్గిందని అత్తయ్య గారికి చెప్పండి.

ఇట్లు,
మీ అల్లుడు


ఏప్రిల్ 6

అల్లుడు గారికి,

ఫొటోలు చూశాను. మొదట సర్కసు వాళ్ళ ఫొటోలు పొరపాటున మన కవర్లో వచ్చాయనుకున్నాను. మీ అత్తయ్య, "బాగానే ఉంది కదండీ, ఎర్రగా" అంది. ఎర్రగా ఉంది. అంతవరకూ నేనూ ఒప్పుకుంటాను.

ఆ నెత్తిమీద లైట్లు ఎందుకండీ? గొర్రెలకి నాటకం చూపిస్తారా? గాలి గొట్టం ఎందుకు? బండి నీళ్ళలో మునిగాక ఊపిరి పీల్చుకుని ఏం చేస్తుంది, ఈత కొడుతుందా? ఎత్తు పెంచానని వాడు ఛాతీ విరుచుకున్నాడు చూడండి, అదే అన్నిటికంటే పెద్ద వెధవపని. బండి బరువు మోసే కమాన్ పట్టీల కింద దిమ్మలు పెట్టి ఎత్తు లేపాడు. స్టీరింగు రాడ్లు మాత్రం పాతచోటే ఉన్నాయి. గతుకులో వేగంగా దిగితే ముందు చక్రాలు వణుకుతాయి. మొదలైతే ఆగవు.

ఇక అతుకు. బలం కోసం వేయించాడా? కాలు విరిగినవాడు పిండికట్టు బలం కోసం వేయించుకుంటాడా? ఆ బండి ఎక్కడో రాయిమీద పడి వెన్ను విరిగింది. ఫొటోలో వెనక తొట్టికీ క్యాబిన్‌కీ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంది. గుడ్డివాడైనా తడిమి చెబుతాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య సందు చూసి బతికే మీకు అది కనపడలేదా?

నిజంగా కావలసినవి ఏవో చెబుతాను, వినండి. లైట్లు, గొట్టం పీకెయ్యండి. ఇంజను కింద మందపాటి రేకు బిగించండి, రాయి తగిలినా నూనె కారకుండా. లాగడానికి హుక్కులు ముందూ వెనకా ఛాసిస్‌కే బోల్టు చెయ్యాలి, బంపరుకి కాదు. దిగబడ్డ బండిని లాగడానికి సాగే పట్టీ ఒకటి, మంచి జాకీ ఒకటి, అది ఇసకలో దిగబడకుండా కింద పెట్టుకోడానికి చెక్క. గాలి పంపు. పార. కెప్టెన్ గారి బండిలో ఇన్ని ఉన్నాయి గానీ పార ఉందా? ఉండదు. పార ఫొటోలో బాగుండదు కదా.

నా కూతురు ఆ బండి ఎక్కకూడదు. అంతే.

మీ మామయ్య


ఏప్రిల్ 18

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలో చివరి వాక్యాన్ని మీ అమ్మాయికి వినిపించాను. వద్దన్నా వినిపించాను, నా తప్పే. "ఎక్కకూడదా? ఆయన ఆర్డరు ఇక్కడిదాకా వచ్చిందా?" అని అప్పటికప్పుడు తాళాలు తీసుకుంది. ఆ రోజు నుంచి రెండు పూటలా బండిలోనే. మీరు ఎక్కవద్దనకపోయి ఉంటే వారానికి మూడుసార్లు వెళ్ళేవాళ్ళం.

మీరు చెప్పినట్టు లైట్లు తీసేశాం. గొట్టం తీశాం. కింద రేకు వేయించాం. హుక్కులు ఛాసిస్‌కి బిగించాం. పార కొన్నాం. అతుకు మీద ఇక్కడి గ్యారేజీలో ఇంకో పట్టీ వేయించాం. మీ మాట పూర్తిగా గాలికి వదిలేశామని అనుకోవద్దు. పనికొచ్చే మాట ఎవరు చెప్పినా వింటాం, ఎలా చెప్పినా వింటాం.

వణుకు సంగతి కూడా నిజమే. మొన్న కొండ దిగుతుంటే ముందు చక్రాలు గుర్రం తల విదిలించినట్టు ఊగడం మొదలెట్టాయి. స్టీరింగు చేతుల్లో నిలవలేదు. ఎలాగో పక్క గట్టుకి ఆనించి ఆపడం జరిగింది. బొటనవేలు బెణికింది. దిమ్మలు తీయించాం, రాడ్ల బుష్షులు మార్పించాం. ఇప్పుడు వణకడం లేదు.

ఒక సందేహం, మన్నించాలి. మీరు జన్మలో ఎప్పుడైనా తారురోడ్డు దిగి బండి నడిపారా? ఏనుగులాంటి బండి అని మురిసిపోతున్నారు. ఇసకలో ఏనుగు ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశారా? ఇక్కడ మేం వాగు దాటేముందు టైర్లలో గాలి సగం తీసేస్తాం. టైరు పరుచుకుని ఇసక మీద తేలుతుంది. అవతల ఒడ్డు ఎక్కాక మళ్ళీ కొట్టుకుంటాం. ఈ ముక్క మీ సలహాల్లో ఎక్కడా లేదు. డిపో ఆవరణలో ఇసక ఉండదు కాబోలు.

ఇట్లు,
మీ అల్లుడు


మే 17

అల్లుడు గారికి,

తారురోడ్డు దిగానా అని అడిగారు. దిగి చూపిస్తాను.

మీ ఉత్తరం చదివాను. కొండ దిగుతూ స్టీరింగు వదిలేసి, పక్కన నా కూతుర్ని కూర్చోబెట్టుకుని, గట్టుకి గుద్ది ఆపి, పైగా బొటనవేలు బెణికిందని నాకు చెప్పుకుంటున్నారా? మీ వేలికి వెన్నపూస రాయనా? బెణకడానికి ఇంకేం దొరకలేదా? ఆ వేలితో దిద్దే కామాలు, ఫుల్‌స్టాపులు ఏమైపోతాయో అని దిగులుగా ఉందా? నడపడం రానివాడు నడపకూడదు. ఇందులో అవమానం లేదు. నాకు పాడటం రాదు, నేను పాడను.

గేరుబాక్సు దగ్గర ఆ డీజిలు బండి కొన్నాను. మీరు ఊఁ అనలేదు. మీరు ఊఁ అనేదాకా ఆగితే నా కూతురు కొండ కింద దొరుకుతుంది. షెడ్డులో పాత శిష్యులందరినీ పోగేసి ఇన్నాళ్ళూ దానిమీదే ఉన్నాను. ముందు రైలు పట్టాలాంటి ఇనప బంపరు. వెనక రెండు స్టెప్నీలు. పనిముట్ల పెట్టె, గొలుసులు, రెండు డ్రమ్ముల నీళ్ళు, ఒక డ్రమ్ము డీజిలు, రెండో జాకీ, మూడో జాకీ. దారిలో ఏం జరిగినా ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఇది బండి. మీది అట్టపెట్టె.

నేనే నడుపుకుంటూ వస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేసి బయల్దేరుతున్నాను. బండి మీకు అప్పగించి ఆ సర్కసు బండిని నా చేతులతో తుక్కు కింద వేస్తాను. నా కూతురు నాతో మాట్లాడక్కర్లేదు. మాట్లాడటానికి రావడంలేదు నేను.

మీ మామయ్య


మే 18

మామయ్య గారికి నమస్కారాలు.

మీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. రాకపోతేనే నాకు భయం. ఈ ఉత్తరం ముందు జాగ్రత్తకి రాస్తున్నాను. మీరు వచ్చే ఆలోచన ఏదన్నా పెట్టుకుంటే దయచేసి బస్సులో రండి, లేదా వానలయ్యాక రండి. పై కొండల్లో అప్పుడే మబ్బులు పడుతున్నాయి. ఇక్కడ ఎండ కాస్తుంటే అక్కడ కురుస్తుంది, ఆ నీళ్ళు చప్పుడు లేకుండా వాగులోకి వస్తాయి. ఇసక పైకి గట్టిగానే కనిపిస్తుంది. కింద జావ. బరువు బండి ఏదైనా దిగితే ఇక అంతే. ఇంకో మంద ఒక్కటే మిగిలింది. అది అయిపోతే మేమూ వాగులో దిగం.

ఇంకొకటి. నా కిందటి ఉత్తరం నకలు చదువుకుంటుంటే ఒక దోషం కనపడింది. బండి వణికిన సంగతి రాసిన చోట ఏ వాక్యానికీ కర్త లేదు. ఇలాంటివి ఎవరైనా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ణి. బండి నడిపేది నేననుకుంటారేమో అని ఇప్పుడు తడుతోంది. ఈ బండిని నేను ఒక్కసారి కూడా నడపలేదు. నడిపేది మీ అమ్మాయి. ఆ దిగుడులో ఆపింది మీ అమ్మాయి. బెణికిన వేలు కూడా మీ అమ్మాయిదే. నా పని దిగి గేట్లు తియ్యడం, చక్రాల వెనక రాళ్ళు పెట్టడం, టీకాల ఐసు పెట్టెని ఒళ్ళో పెట్టుకు కూర్చోవడం.

ఇట్లు,
మీ అల్లుడు


మే 27

అల్లుడు గారికి,

నేను క్షేమంగా ఇల్లు చేరాను. మీ మే 18 నాటి ఉత్తరం ఇక్కడ నాకోసం ఎదురుచూస్తోంది. ఆ ముక్క కాస్త ముందు ఏడిస్తే ఏం?

బండి మీ దగ్గర వదిలి వచ్చాను. వాగులో కొంచెం తడిసింది. ఎండలో పెడితే ఆరిపోతుంది. మీ వించి పెద్దగా ఉపయోగపడలేదని గమనించే ఉంటారు. నేను దాదాపు బయటికి తెచ్చేశాను, ఈలోగా మీరిద్దరూ తొందరపడి దిగమన్నారు. మీ అత్తయ్యతో బండి అప్పగించి వచ్చానని చెప్పాను. ఆవిడకి వివరాలు అక్కర్లేదు.

బస్సుకి టైమవడంతో చెప్పకుండా బయల్దేరాను.

మీ మామయ్య


జూన్ 6

మామయ్య గారికి నమస్కారాలు.

మీ మే 27 నాటి ఉత్తరంలో వాస్తవ దోషాలు చాలా ఉన్నాయి. దిద్దకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. చిత్తగించండి.

"కొంచెం తడిసింది" అన్నచోట "మునిగింది" అని చదువుకోవాలి. నీళ్ళు స్టీరింగు దాటి, చివరికి పైకప్పు కూడా దాటాయి. "దాదాపు బయటికి తెచ్చేశాను" అన్నచోట "ఇరుసులదాకా దించేశాను" అని ఉండాలి. మేం వాగు దాటి అవతలి ఒడ్డున టైర్లలో గాలి కొట్టుకుంటుంటే వెనక హారన్ వినపడింది. చూస్తే నడి వాగులో మీరు. ఆస్పత్రి దగ్గర ఆగమని కాంపౌండరు చెప్పాడట, "నాకు చెప్పేవాడివా" అన్నారట. బండి కదలకపోయేసరికి ఆక్సిలరేటరు తొక్కారు. ఇంకా కదలకపోయేసరికి ఇంకా తొక్కారు. మూడు జాకీలూ, డ్రమ్ములూ, స్టెప్నీలూ, ఇనప బంపరూ కలిసి ఆ బండిని పునాదిరాయిలా దింపాయి. మేం చేతులూపితే మీరూ చేతులూపారు. పలకరిస్తున్నామనుకున్నారు.

పై నుంచి నీళ్ళు అప్పుడే మొదలయ్యాయి. చీలమండలదాకానే ఉన్నాయి గానీ ఎర్రగా ఉన్నాయి. ఎర్రగా వస్తే వెనక చాలా వస్తోందని మీ అమ్మాయికి తెలుసు. మా బండి వెనక హుక్కుని పట్టీతో ఒడ్డున ఉన్న బండరాయికి కట్టాం, ముందు వించి తాడు నేను తెచ్చి మీ ఇనప బంపరుకి తగిలించాను. అప్పుడు మీరు నాతో, "బంపరుకి కాదయ్యా, ఛాసిస్‌కి" అన్నారు. అంత వరదలోనూ మీరు నా తప్పు పట్టుకున్నందుకు ధన్యవాదాలు. మార్చి తగిలించాను. మీ అమ్మాయి వించి తిప్పింది. మీ ఏనుగు కదల్లేదు. మా బండి రెండు పక్కలా లాగబడి, మీరు చెప్పిన చోటే, ఆ అతుకు దగ్గరే, చిరిగింది. చప్పుడు మీకూ వినపడిందంటే ఎంత పెద్దదో ఆలోచించండి. అతుకు విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. ఇసక విషయంలో నేనన్నది నిజం. ఇద్దరం గెలిచాం. రెండు బండ్లూ పోయాయి.

"మీరిద్దరూ తొందరపడి దిగమన్నారు" అన్నది పూర్తిగా కొట్టేశాను. నీళ్ళు నా నడుముదాకా వచ్చాయి. నేను మిమ్మల్ని బతిమాలాను. "బండి వదిలి రాను, నువ్వు పో" అన్నారు. నాకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. మీ అమ్మాయి నడుముకి తాడు కట్టుకుని దిగింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి పీకింది. మిమ్మల్ని పట్టుకోడానికి రెండు చేతులూ కావాలి కదా, ఆ తాళాన్ని నోట కరుచుకుంది. పళ్ళ మధ్య నుంచి, "నాన్నా, దిగు" అంది. మా పెళ్ళయ్యాక మీతో ఆవిడన్న మొదటి మాట అది. మీరు దిగారు. ఒడ్డు చేరాక మీరు నా భుజం పట్టుకునే ఉన్నారు. అది గుర్తు చెయ్యడం నా ఉద్దేశం కాదు, కానీ చొక్కా చిరిగింది.

ఒడ్డున కూర్చున్నాక ఆవిడ మనిద్దరినీ చూసి, "ఒకడికి బరువు తెలీదు, ఒకడికి అతుకు తెలీదు. ఉత్తరాలు మాత్రం రాసుకున్నారు" అంది. మీరు తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. ఆ తర్వాత ఆవిడ ఏడ్చింది. మీరు వెంటనే తిరిగి మీ బండి వైపు చూస్తూ ఉండిపోయారు. నేను చూశాను, అప్పటికి మీ బండి కనపడటం లేదు.

ఇక మీరు వదిలేసిన భాగం. ఇది ఎందుకు రాయలేదో నాకు అర్థం కాలేదు. టీకాల పెట్టెలో ఐసు కరిగిపోతోంది, మంద కొండమీద ఉంది, బండి లేదు. నడిచే వెళ్ళాలని ఆవిడ లేచింది. పెట్టె నేను ఎత్తబోతే మీరు లాక్కుని నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఎర్రమట్టి ఏటవాలు తడి బట్టలతో ఎక్కారు. రెండుసార్లు జారారు. రెండుసార్లూ పెట్టెని పడనివ్వలేదు, మీరు పడ్డారు. పైన గొర్రెల్ని పట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు. మీరు ఒక్కొక్కదాన్నీ గట్టిగా మోకాళ్ళ మధ్య ఇరికించి, చెవి వెనక్కి మడిచి, "ఊఁ, కానియ్యి" అంటుంటే ఆవిడ సూదులు వేసుకుంటూ పోయింది. మంద కాసే ముసలమ్మ, "ఈ కాంపౌండరు కొత్తగా వచ్చాడా?" అని అడిగింది. మీ అమ్మాయి, "అవును, ఇంకా నేర్చుకుంటున్నాడు" అంది. మీరు ఇంకో గొర్రెని పట్టుకున్నారు. మందంతా అయిపోయింది. టీకా పడని గొర్రె ఒక్కటి కూడా మిగల్లేదు.

మర్నాడు నీళ్ళు తీశాక ట్రాక్టరు తెచ్చి ఏనుగుని బయటికి లాగాం. మేం ఆ పనిలో ఉండగానే మీరు బస్సెక్కేశారు. "బస్సుకి టైమవడంతో" అన్నారు. ఆ రోజు బస్సు సాయంత్రం వచ్చింది, మీరు పొద్దున్నే వెళ్ళి స్టాండులో కూర్చున్నారని టికెట్లిచ్చే అతను చెప్పాడు. అక్కడున్నారని తెలిస్తే మేం తినడానికి ఏమన్నా తెచ్చేవాళ్ళం.

రెండు బండ్లూ ఆస్పత్రి వెనక షెడ్డులో ఉన్నాయి. ఒకదానికి వెన్ను లేదు, ఇంకోదానికి ఊపిరి లేదు. గ్యారేజీ అతను చూసి, తుక్కుకి అమ్మెయ్యమన్నాడు. మీ అమ్మాయి వద్దంది. మీకు ఏం రాయమంటావని అడిగితే, "ఆ రెండిట్లోంచీ ఒక బండి అవుతుందేమో ఆయన్నే అడుగు" అంది. అడుగుతున్నాను.

ఇట్లు,
మీ అల్లుడు


జూన్ 17

అల్లుడూ,

నీ ఉత్తరం మీ అత్తయ్య చేతిలో పడింది. నేను చెప్పినదీ నువ్వు రాసినదీ పక్కపక్కన పెట్టుకుని చదివింది. చదివాక నాకు కాఫీ పెట్టడం మానేసింది. ఎర్రసిరా పెట్టుకుని పుట్టావు, ఎవర్ని బతకనిస్తావు?

ఒక బండి అవుతుంది. ఎందుకవదు? గ్యారేజీవాడు అవదన్నాడంటే వాడికి చేతకాదని అర్థం. ఏనుగు ఛాసిస్ గట్టిది, దానికేం కాదు. ఇంజిను విప్పి కడగాలి. ఎవడూ స్టార్టు చెయ్యకూడదు, చేస్తే లోపల నీళ్ళకి రాడ్లు వంగిపోతాయి. నువ్వు అసలు దాని పక్కకే వెళ్ళకు. సర్కసు బండి నుంచి వించి, టైర్లు, కింది రేకు, పార తియ్యండి. మిగతాది కెప్టెన్ ఇంటి ముందు పడేసి రండి, ఫొటో దిగుతాడు. నా బంపరు తీసెయ్యాలి. అవును, నేనే అంటున్నాను. డ్రమ్ములు, ఒక స్టెప్నీ, రెండు జాకీలు, ఆ గొలుసులు, అన్నీ దింపెయ్యాలి. బరువెంతో తూచి కడతాను ఈసారి. గేరుబాక్సుని కూడా తీసుకొస్తున్నాను. వాడు ఎక్కువ మాట్లాడతాడు, భరించండి. బస్సులోనే వస్తాం. ఆదివారం దిగుతాం.

గొర్రెల సంగతి ఎందుకు రాయలేదని అడిగావు. గొర్రెల్ని పట్టుకున్నానని ఎవడైనా రాసుకుంటాడా? ఆ ముసలమ్మ నన్ను కాంపౌండరన్న ముక్క ఇప్పుడు మా వీధంతా తెలిసింది, మీ అత్తయ్య ధర్మమా అని.

బస్‌స్టాండులో పొద్దుట్నుంచి కూర్చున్న మాట నిజమే. ఇంటికొస్తే ఆ పిల్ల నాకు అన్నం పెడుతుంది. అప్పటికి నేను తినలేను. అంతకంటే విడమరిచి రాయను, నువ్వు దిద్దుతావు.

ఇక అసలు సంగతి. ఇది ఆ పిల్లకి చదివి వినిపించు, వద్దన్నా వినిపించు. డిపోలో నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఈ సిటీ బస్సులన్నీ నడుపుతున్నారు. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బండి తయారయ్యాక, వాగు బాగా ఎండాక, ఆ ఇసకలో ఎలా నడపాలో నాకు చూపించమను. గాలి ఎంత తియ్యాలో, ఎక్కడ తొక్కాలో, ఎక్కడ తొక్కకూడదో. చెప్పినట్టు చేస్తాను. తిడితే పడతాను.

నువ్వు మాత్రం ఆ రోజు ఆ చుట్టుపక్కల కనపడకు. ఒడ్డున చెట్టు చాటున కూడా ఉండకు. ఇంట్లో కూర్చుని నీ అచ్చుతప్పులు చూసుకో.

మీ మామయ్య